18 లక్షల గ్రాంటు, 14 లక్షల సొంత డబ్బు: టెక్సాస్‌లో ఒక కౌంటీ వంతెన కేస్ స్టడీ

మా కౌంటీ రోడ్ల ఫోర్‌మన్ పికప్ ట్రక్కులో, డాష్‌బోర్డు మీద ఒక స్పైరల్ నోట్‌బుక్ ఉండేది. అట్ట చిరిగి, కాఫీ మరకలు పట్టి, పేజీల నిండా పెన్సిల్ రాత. వాన కొట్టి వాగు రోడ్డెక్కినప్పుడల్లా బారికేడ్లు ఏ రోజు ఎన్ని గంటలకు పెట్టాడో, ఎప్పుడు తీశాడో అందులో రాసుకునేవాడు. రాయమని ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళ రాత అది. 24 లక్షల డాలర్ల వంతెనకు ఫెడరల్ గ్రాంటు రావడానికి ఆ పుస్తకమే ముఖ్య సాక్ష్యమైంది.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. పదహారేళ్ళుగా కౌంటీ ప్రభుత్వాల్లో గ్రాంట్లు, బడ్జెట్ పని చూస్తున్నాను. ఈ కేసు ఆగ్నేయ టెక్సాస్‌లోని ఒక చిన్న కౌంటీది. ఊరిని గుర్తుపట్టకుండా పేర్లు వదిలేశాను, అంకెలను గుండ్రం చేశాను, ఒకటి రెండు వివరాలు మార్చాను. చట్టాలు, ఫెడరల్ నిబంధనలు, హ్యారిస్ కౌంటీ గురించి చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కౌంటీలో పెత్తనం ఎవరిది

టెక్సాస్‌లో 254 కౌంటీలున్నాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదని చెప్పుకుంటాం గానీ కలెక్టరు లాంటి అధికారి ఇక్కడ ఉండడు. పెత్తనమంతా కమిషనర్స్ కోర్టుది. ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు, అయిదుగురూ ఓట్లతో వచ్చినవాళ్ళే. పేరులో కోర్టు అని ఉన్నా అక్కడ ప్రధానంగా జరిగేది పరిపాలన: బడ్జెట్, పన్ను రేటు, రోడ్లు, కాంట్రాక్టులు. కౌంటీ ఆడిటర్‌ని మాత్రం వీళ్ళు నియమించరు, డిస్ట్రిక్ట్ జడ్జీలు నియమిస్తారు. ఆడిటర్ చూసి సరే అనందే ఏ బిల్లూ చెల్లించడానికి వీల్లేదు. ఈ ఏర్పాటు విలువ నాకు ఈ కేసులోనే బాగా తెలిసొచ్చింది.

మా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆస్తుల విలువల పట్టిక జులై 25 నాటికి ధ్రువీకరణై మా చేతికి వస్తుంది. అక్కడి నుంచి రెండు నెలల్లో బడ్జెట్, పన్ను రేటు తేల్చాలి. 2019లో టెక్సాస్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం, కొత్త కట్టడాలను పక్కనపెట్టి, నిర్వహణ ఖర్చుల కోసం వసూలు చేసే ఆస్తి పన్నును కౌంటీ ఏడాదికి 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్ల దగ్గరికి వెళ్ళాల్సిందే. మా కౌంటీకి ఆ 3.5 శాతం అంటే సుమారు 7 లక్షల డాలర్లు. జీతాల పెంపు, జైల్లో ఖైదీల వైద్యం, షెరిఫ్ (కౌంటీ పోలీసు) కార్లు, పెరిగిన బీమా ప్రీమియం, అన్నీ ఆ 7 లక్షల్లోంచే. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంకో సంగతి. మా దగ్గర రోడ్ల నిధిని నలుగురు కమిషనర్ల ప్రిసింక్ట్‌లకు (ఒక్కొక్కరు ఎన్నికైన ప్రాంతాలకు) నాలుగు సమాన భాగాలుగా పంచడం ఆనవాయితీ. అవసరం ఎక్కడ ఎక్కువన్న ప్రశ్న ఆ పంపకంలో రాదు. ఒక ప్రిసింక్ట్‌కు పెద్ద పని పడితే మిగతా మూడు ప్రిసింక్ట్‌లకు అది పరాయి పనే. గ్రాంటు దరఖాస్తు రాయడం కంటే ఈ గోడ దాటడమే నాకు ఎక్కువ కష్టమైంది.

రెండు పనులు, ఒక్కదానికే డబ్బు

2019 సెప్టెంబరులో ఇమెల్డా తుపాను వచ్చినప్పుడు మా కౌంటీలో రెండు చోట్ల బాగా మునిగింది.

మొదటిది ఉత్తరాన ఒక వాగు దాటే రోడ్డు. కింద ఎప్పుడో వేసిన చిన్న కల్వర్టు. గట్టి వాన పడితే నీళ్ళు పట్టక రోడ్డు మీది నుంచి పోతాయి, ఎగువన మొబైల్ హోమ్స్ (ఫ్యాక్టరీలో చేసి తెచ్చి పెట్టే చవక ఇళ్ళు) కాలనీలోకి ఎగదన్నుతాయి. అవతల సుమారు 90 కుటుంబాలు. చాలామంది రిఫైనరీల్లో, గోదాముల్లో షిఫ్టుల మీద పనిచేసేవాళ్ళు. కల్వర్టు తీసేసి వంతెన కట్టడానికి అంచనా 24 లక్షల డాలర్లు.

రెండోది దక్షిణాన కొత్త సబ్‌డివిజన్, అంటే ఇళ్ళ కాలనీ. పదేళ్ళ కిందట వచ్చిన పెద్ద ఇళ్ళు. వాన నీరు ఆగే చెరువు చాలక ఇమెల్డాకు ముప్ఫై ఇళ్ళలో గరాజులు, కొన్నిటిలో హాళ్ళు మునిగాయి. చెరువు తవ్వి పెద్దది చేయడానికి 22 లక్షలు. ఇక్కడ ఉండేవాళ్ళలో తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు.

ఫెడరల్ విపత్తు సంస్థ ఫీమా ఇచ్చే నివారణ గ్రాంటు మాకు వచ్చే పద్ధతి 75-25. నాలుగింట మూడు వంతులు ఫెడరల్, ఒక వంతు స్థానిక వాటా. ఆంధ్ర, తెలంగాణల్లో పురపాలక, పంచాయతీ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త కాదు, మ్యాచింగ్ గ్రాంటు అంటే చాలు. స్థానిక వాటా పెట్టలేక పథకం మురిగిపోవడం అక్కడా చూశాం, ఇక్కడా చూస్తున్నాం. వంతెనకి మా వాటా 6 లక్షలు, చెరువుకి 5 లక్షల 50 వేలు. రెండూ కలిపి పెట్టే స్తోమత మాకు లేదు.

పైగా ఈ గ్రాంటు ముందు చేతికి రాదు. కాంట్రాక్టరుకి ముందు మనం కట్టాలి, రసీదులు పంపాలి, రాష్ట్ర విభాగం పరిశీలించాక తిరిగి వస్తుంది. నా అనుభవంలో దానికి మూడు నెలలు పట్టింది, ఒకసారి ఏడు నెలలూ పట్టింది. ఆ మధ్యకాలం కౌంటీ సొంత నిల్వ మీద నడవాలి. ప్రభుత్వ ఆర్థిక అధికారుల సంఘం సూచన ప్రకారం జనరల్ ఫండ్‌లో (మామూలు ఖర్చుల నిధిలో) కనీసం రెండు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉండాలి. మా దగ్గర రెండున్నర నెలలకు సరిపడా ఉండేది. అంటే చేతిలో ఆడేది అర నెల డబ్బే.

ఇల్లు ఖరీదైతే వరదకూ ఖరీదెక్కువ

ఫీమా ఒక పనికి డబ్బివ్వాలంటే సాధారణంగా లాభ-వ్యయ నిష్పత్తి 1కి తగ్గకూడదు. పని వల్ల రాబోయే ఏళ్ళలో తప్పే నష్టాన్నంతా నేటి విలువకు తెచ్చి, ఖర్చుతో భాగిస్తారు. మేం లెక్క వేసింది 7 శాతం డిస్కౌంట్ రేటుతో (రాబోయే డాలరు విలువను ఏటా తగ్గించే రేటు), అప్పటి నిబంధన అదే. ఆ రేటున యాభై ఏళ్ళ తర్వాత తప్పే ఒక డాలరు నష్టానికి ఈ రోజు విలువ మూడున్నర సెంట్లు కూడా ఉండదు. ఏటా ఒక డాలరు చొప్పున యాభై ఏళ్ళు లాభం వచ్చినా నేటి లెక్కలో 13 డాలర్ల 80 సెంట్లే.

చెరువు లెక్క తేలిగ్గా తేలింది. ఒక్కో ఇంటి ఖరీదు అయిదు లక్షల చిల్లర. మూడడుగుల నీళ్ళొస్తే పాడయ్యే ఫ్లోరింగ్, గోడలు, కిచెన్ క్యాబినెట్లు, అన్నీ ఖరీదైనవే. నిష్పత్తి 2.1 వచ్చింది.

వంతెనకి మొదటి లెక్కలో 0.37 వచ్చింది. మొబైల్ హోమ్స్‌లో తప్పే నష్టం సగటున ఏటా 65 వేల డాలర్లు. దాన్ని 13.8తో గుణిస్తే 9 లక్షలు, ఖర్చు 24 లక్షలు. మునిగేది పాతిక వేల డాలర్ల ఇల్లయితే మునక వల్ల నష్టం పాతిక వేలకు మించదు గదా. ఆ కుటుంబానికి ఉన్న ఆస్తంతా అదేనన్న సంగతి ఆ గడిలో పట్టదు. మా కన్సల్టెంటు ఆ ఫైలు మూసేసి చెరువు దరఖాస్తు మొదలుపెడదామన్నాడు. సాఫ్ట్‌వేర్ చెప్పింది కాబట్టి ఆయన తప్పేం లేదు.

మా దగ్గరలోని హ్యారిస్ కౌంటీలో ఇదే చిక్కు చాలా పెద్ద ఎత్తున వచ్చింది. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు నాలుగు రోజుల్లో ఆ కౌంటీ మీద లక్ష కోట్ల గాలన్ల నీళ్ళు పడ్డాయని వరద నియంత్రణ విభాగం లెక్కగట్టింది. ఒకటిన్నర లక్షకు పైగా ఇళ్ళు మునిగాయి. సరిగ్గా ఏడాదికి, 2018 ఆగస్టు 25న, 250 కోట్ల డాలర్ల బాండ్లకు 85 శాతం మంది ఓటర్లు సరేనన్నారు. దానికి తోడు ఫెడరల్ డబ్బు వస్తుందని ఆశించారు. తీరా చూస్తే ఫెడరల్ డబ్బు ఖరీదైన ఇళ్ళున్న కాలవల వైపు సులువుగా వెళ్తోంది. ఈశాన్యాన పేదలు ఉండే హాల్స్ బయూ (వాగు) లాంటి చోట్ల నిష్పత్తి కుదరడం లేదు. 2019లో అక్కడి కమిషనర్స్ కోర్టు ప్రాజెక్టుల వరుస తేల్చడానికి కొత్త కొలబద్ద పెట్టుకుంది. అందులో సామాజిక బలహీనతకు 20 శాతం, బయటి నిధుల భాగస్వామ్యానికి 10 శాతం, దీర్ఘకాలిక నిర్వహణ ఖర్చుకు 5 శాతం మార్కులు. బయటి డబ్బు దొరికే పనే ముందన్న పాత అలవాటును ఆ 10 శాతం కొంత కట్టడి చేసింది. నిర్వహణకి ఇచ్చిన 5 శాతం మరీ తక్కువని అప్పుడూ అనుకున్నాను, ఇప్పటికీ అదే నా మాట.

కొలబద్ద ఎలా రాస్తే ఫలితం అలా ఉంటుందనడానికి అక్కడే ఇంకో రుజువుంది. 2021 మేలో టెక్సాస్ జనరల్ ల్యాండ్ ఆఫీసు హార్వీ తర్వాతి నివారణ నిధుల్లో వంద కోట్ల డాలర్లకు పైగా పంచింది. హ్యూస్టన్ నగరానికి గానీ హ్యారిస్ కౌంటీకి గానీ ఒక్క డాలరు రాలేదు. మార్కుల్లో ఒక అంశం ఏమిటంటే, పని వల్ల బాగుపడే జనాన్ని ఆ స్థానిక సంస్థ మొత్తం జనాభాతో భాగించడం. పది వేల మందికి మేలు జరిగితే, 20 వేల జనాభా ఉన్న పట్టణానికి అది సగం. 47 లక్షల జనాభా ఉన్న హ్యారిస్‌కి 0.2 శాతం. గొడవయ్యాక కౌంటీకి 75 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఏర్పాటు చేశారు. ఆ పోటీ జాతి, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపిందని 2022 మార్చిలో ఫెడరల్ గృహనిర్మాణ శాఖ తేల్చింది. భాగహారంలో ఒక్క హారం (కింది అంకె) చేసిన పని అది.

రబ్బరు గొట్టాలు, పెన్సిల్ రాత

మా వంతెన ఫైలు మూసేముందు ఒకసారి ఫీమా మార్గదర్శకాలు మొదటి నుంచి మళ్ళీ చదివాను. రోడ్డు మూతపడితే జనం చుట్టూ తిరిగి వెళ్ళే సమయాన్ని, మైళ్ళనూ నష్టంగా లెక్కపెట్టొచ్చు. మా కన్సల్టెంటు ఇళ్ళ నష్టం తప్ప ఏదీ వేయలేదు. ఎందుకంటే చూపించడానికి ఆధారాలు కావాలి: రోజుకు ఎన్ని బండ్లు, ఏటా ఎన్ని రోజులు మూత.

బండ్ల లెక్క సులువే. ట్రాఫిక్ కౌంటర్ తెచ్చి రోడ్డుకు అడ్డంగా రెండు నల్ల రబ్బరు గొట్టాలు మేకులతో బిగించాం. చక్రం ఎక్కినప్పుడల్లా గొట్టంలో గాలి కదిలి పెట్టెలో అంకె పడుతుంది. బిగిస్తున్నప్పుడు స్కూలు బస్సు డ్రైవరు ఆగి, మీరు ఎందుకు లెక్కపెడుతున్నారని అడిగింది. చెప్తే, తన డిస్పాచ్ లాగ్‌లో మళ్ళింపు రోజులన్నీ ఉంటాయంది. రెండు వారాల సగటు రోజుకు 640 బండ్లు వచ్చింది.

మూతపడ్డ రోజులే చిక్కు. కౌంటీ రికార్డుల్లో ఏమీ లేదు. ఫోర్‌మన్‌ని అడిగితే మాట్లాడకుండా ట్రక్కు దగ్గరికి వెళ్ళి ఆ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒక పేజీలో తేదీ పక్కన తెల్లవారుజామున 4:10 అని, కింద "నీళ్ళు ఇంకా తెల్ల గీత మీదే" అని ఉంది. రోడ్డు అంచు గీత మునిగి ఉంటే బారికేడ్ తీయకూడదని ఆయన పెట్టుకున్న గుర్తు. పేజీ పేజీ స్కాన్ చేసి, స్కూలు బస్సు లాగ్‌తోనూ వాన లెక్కలతోనూ సరిచూశాం. సగటున ఏటా 9 రోజులు.

మళ్ళింపు దారి 14 మైళ్ళు ఎక్కువ, 25 నిమిషాలు ఎక్కువ. 640 బండ్లకు సమయం గంటకు 35 డాలర్ల చొప్పున, మైలుకు 60 సెంట్ల చొప్పున లెక్కేస్తే మూతపడ్డ ప్రతి రోజూ 14,700 డాలర్ల నష్టం. తొమ్మిది రోజులకు లక్షా 32 వేలు. ఇళ్ళ నష్టం 65 వేలతో కలిపితే ఏటా లక్షా 97 వేలు. 13.8తో గుణిస్తే 27 లక్షల పైచిలుకు. నిష్పత్తి 1.13కి ఎక్కింది.

ఒక్క డాలరు పెంచి రాయలేదు. ఆ నష్టం జనం ఎప్పటినుంచో భరిస్తున్నారు, ఎవరూ కాగితం మీద పెట్టలేదు, అంతే. పేద ప్రాంతాల ప్రాజెక్టులు చాలావరకు ఓడిపోయేది ఇక్కడే అని నా నమ్మకం. డేటా సేకరించడానికి మనిషి ఉండడు, కన్సల్టెంటుకి ఆ గంటల డబ్బు ఎవరూ ఇవ్వరు.

పార్కింగ్ లాట్‌లో

ఇప్పుడు రెండు పనులకూ అర్హత వచ్చింది. చెరువుకి 2.1, వంతెనకి 1.13. నా సిఫారసు వంతెనకి. రాతపూర్వకంగా రెండు కారణాలిచ్చాను. చెరువు నిండితే ఆస్తి నష్టం, వాగు పొంగితే అంబులెన్సు ఆగిపోతుంది. రెండోది, చెరువుకి ఇంకో దారి ఉంది: సబ్‌డివిజన్ వాళ్ళు ప్రత్యేక డ్రైనేజీ జిల్లా (డ్రైనేజీ కోసం తమలో తాము పన్ను వేసుకునే సంస్థ) ఏర్పాటు చేసుకుని కొంత సొంతంగా కట్టుకోగలరు. మొబైల్ హోమ్స్ వాళ్ళకి ఆ దారి లేదు.

బహిరంగ విచారణ రోజు సబ్‌డివిజన్ నుంచి పదిహేను మంది వచ్చారు, అందులో ఏడుగురు తెలుగువాళ్ళు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మంచిగా మాట్లాడారు, ఫొటోలు తెచ్చారు. మొబైల్ హోమ్స్ కాలనీ నుంచి వచ్చింది ఇద్దరే. ఒకాయన స్పానిష్‌లో మాట్లాడితే అనువాదకురాలు చెప్పింది. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి బారికేడ్ దగ్గర ట్రక్కులోనే నాలుగుసార్లు పడుకున్నానని, నీళ్ళ అవతల ఇంటి లైటు కనిపిస్తూ ఉంటుందని. మూడు నిమిషాల్లో ఒక నిమిషం కూడా వాడుకోలేదు.

బయటికొచ్చాక పార్కింగ్ లాట్‌లో మనవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "అక్కా, మీరుండి కూడా మన పని పక్కన పెట్టించారా?" అని ఒకతను అడిగాడు. కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది ఆ గొంతులో. ఇంకొకావిడ, "కౌంటీలో అందరికంటే ఎక్కువ పన్ను కట్టేది మేమే గదండీ" అంది. అదీ నిజమే. వాళ్ళ ఇళ్ళు మునగడం నిజం, వాళ్ళ పన్ను నిజం.

లెక్కల కాగితం కారు బానెట్ మీద పరిచి చూపించాను. "తమ్ముడూ, మీ ఇంట్లోకి నీళ్ళొచ్చిన రోజులు ఎన్నో తేదీలతో రాసి ఉన్నాయా?" అని అడిగితే ఎవరి దగ్గరా లేవు. వాట్సాప్ గ్రూపులో ఫొటోలున్నాయన్నారు. అరగంట మాట్లాడుకున్నాం. అందరూ ఒప్పుకుని వెళ్ళారని చెప్పను. ఇద్దరు ఇప్పటికీ గుళ్ళో కనిపిస్తే పలకరించరు. కానీ ఒక ఉద్యోగి తన కులం, తన భాష, తన కాలనీ చూసి సిఫారసు రాయడం మొదలుపెడితే ఇక బడ్జెట్ అనేదే ఉండదు. వాళ్ళకి ఆ మాట అలాగే చెప్పాను.

టెండర్లు తెరిచిన రోజు

దరఖాస్తు వెళ్ళాక పర్యావరణ పరిశీలన, రాష్ట్రం అడిగిన వివరణలు, ఫీమా అడిగిన వివరణలు, ఇవన్నీ దాటి మంజూరు వచ్చేసరికి 2023 చివరికొచ్చింది. మొత్తం 24 లక్షలు, ఫెడరల్ వాటా 18 లక్షలు. 2024 వేసవిలో టెండర్లు తెరిస్తే అన్నిటికంటే తక్కువ రాసినవాడిది 31 లక్షలు. ఉక్కు, కాంక్రీటు, కూలీ, అన్నీ పెరిగాయి. అదనపు ఫెడరల్ డబ్బు అడిగాం, దొరకలేదు. పెరిగిన 7 లక్షలూ మా నెత్తినే పడ్డాయి. స్థానిక వాటా 6 లక్షల నుంచి 13 లక్షలయ్యింది.

7 లక్షలు. పన్ను పెంచి తెచ్చుకోగలిగే ఏడాది మొత్తం సొమ్ముకు సమానం.

గ్రాంటు వెనక్కి ఇచ్చేద్దామని ఇద్దరు కమిషనర్లు గట్టిగా అన్నారు. వాళ్ళ వాదన తేలిగ్గా తీసేసేది కాదు. 18 లక్షలు వస్తున్నాయి కదా అని 13 లక్షలు పెట్టడం సరే, కానీ ఆ 13 లక్షలతో గ్రాంటు లేకుండా ఇంకేం చేయగలమో ఎవరైనా చూశారా అని ఒకాయన అడిగాడు. అది సరైన ప్రశ్న. ఆ ప్రశ్న అడగకుండా గ్రాంటు తీసుకునే కౌంటీలు చాలా ఉన్నాయి. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. రెండు వారాలు తీసుకుని ఇంజనీరుతో కలిసి చూశాను. 13 లక్షలకు కల్వర్టును కొంచెం పెద్దది చేయొచ్చు, కానీ మూతపడే రోజులు తొమ్మిది నుంచి అయిదుకు తగ్గుతాయి, ఎగువ మునక దాదాపు అలాగే ఉంటుంది.

డబ్బు దొరికింది అమెరికన్ రెస్క్యూ ప్లాన్ నిధుల్లో. 2021 నాటి ఆ కోవిడ్ సాయం చట్టం రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు 35 వేల కోట్ల డాలర్లు ఇచ్చింది, అందులో కౌంటీల వాటా 6,510 కోట్లు. మామూలుగా ఒక ఫెడరల్ గ్రాంటు డబ్బుని ఇంకో ఫెడరల్ గ్రాంటుకి స్థానిక వాటాగా చూపడం కుదరదు. కానీ ఈ నిధుల్లో రాబడి నష్టం కింద తీసుకున్న భాగాన్ని అలా వాడుకోవచ్చని ట్రెజరీ (ఫెడరల్ ఆర్థిక శాఖ) నిబంధన. గడువు కచ్చితం: 2024 డిసెంబరు 31 లోపు కాంట్రాక్టు మీద సంతకం పడాలి, 2026 చివరికి ఖర్చవ్వాలి. మా దగ్గర మిగిలిన 11 లక్షల మీద షెరిఫ్ ఆఫీసు రేడియో పరికరాలకని కన్నేసి ఉంది.

నవంబరులో ఓటింగ్ జరిగింది. మూడు-రెండు. వాగు ఉన్న ప్రిసింక్ట్ కమిషనర్, కౌంటీ జడ్జి, ఇంకొక కమిషనర్ అవునన్నారు. ఆ ఇంకొకాయన సబ్‌డివిజన్ ఉన్న ప్రిసింక్ట్ కమిషనరే. ఎందుకని ఆయన బహిరంగంగా చెప్పలేదు. రేడియోలకు ఆ ఏడాది సగం డబ్బే దక్కింది, డెప్యూటీలు కొందరు పాత సెట్లతోనే నడిపారు. ఆ నష్టాన్ని కూడా ఈ వంతెన ఖర్చులో కలిపే చూడాలి.

ఆడిటర్ ఆపిన బిల్లు

పని మొదలయ్యాక ఇంజనీరింగ్ ఫీజు కింద లక్షా 20 వేల డాలర్ల బిల్లు రీయింబర్స్‌మెంట్‌కి పంపబోతుంటే మా ఆడిటర్ ఆపింది. ఆ ఇంజనీరింగ్ సంస్థ మా కౌంటీ అన్ని పనులకూ ఏళ్ళ తరబడి వాడుతున్నదే, పాత ఒప్పందం కింద డిజైన్ పని అప్పగించేశారు. ఫెడరల్ డబ్బుతో చేసే పనికి ఫెడరల్ కొనుగోలు నిబంధనల ప్రకారం పోటీ పెట్టి, అర్హత చూసి ఎంచుకోవాలి, ఒప్పందంలో ఫెడరల్ షరతులు ఉండాలి. రెండూ లేవు. డిజైన్ అప్పగించినప్పుడు ఆ ఫైలు నా బల్ల మీదుగానే వెళ్ళింది. నేను చూడాల్సింది, చూడలేదు.

బిల్లు పంపితే బహుశా దాటిపోయేదని ఆఫీసులో ఒకరన్నారు. ఆడిటర్ ఒప్పుకోలేదు. ఏడాదికి పది లక్షల డాలర్లు, అంతకు మించి ఫెడరల్ డబ్బు ఖర్చు చేసే సంస్థకు ప్రత్యేక ఆడిట్ తప్పనిసరి (2024 అక్టోబరు 1కి ముందు మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఆ హద్దు ఏడున్నర లక్షలు). వంతెన ఖర్చుతో మేం ఎలాగూ ఆ హద్దు దాటుతున్నాం. రెండేళ్ళ తర్వాత అక్కడ బయటపడితే ఈ బిల్లుతో ఆగదు, మొత్తం గ్రాంటు మీద నీడ పడుతుంది. ఆ ఫీజులో 75 శాతం, అంటే 90 వేల డాలర్లు, జనరల్ ఫండ్ నుంచి పెట్టుకున్నాం. మొత్తం మీద స్థానిక వాటా 13 లక్షల 90 వేలకు చేరింది.

ఆ తర్వాత మా పద్ధతి మార్చుకున్నాం. ఇప్పుడు దరఖాస్తు రాయకముందే కొనుగోలు విభాగం, ఆడిటర్, రోడ్ల ఫోర్‌మన్, నేను ఒక గదిలో కూర్చుంటాం. ధర 30 శాతం పెరిగితే ఎక్కడి నుంచి తెస్తామో ముందే రాసిపెట్టాలి. ఆరు నెలలు డబ్బు తిరిగి రాకపోతే ఏ నిధి మీద నడుస్తుందో రాయాలి. కట్టాక ఏటా ఎంత ఖర్చో, అది ఎవరి బడ్జెట్ పద్దులోకి వెళ్తుందో ఆ శాఖాధిపతి సంతకం పెట్టాలి. చివరిది రాయించడమే అన్నిటికంటే కష్టం.

కట్టాక మొదలయ్యే ఖర్చు

పాత కల్వర్టు చిన్నది, దాన్ని వంతెనల పట్టికలో చేర్చే పనే లేదు. కొత్తది 20 అడుగులు దాటింది కాబట్టి జాతీయ వంతెన తనిఖీ ప్రమాణాల కిందికి వచ్చింది. తనిఖీ రాష్ట్ర రవాణా శాఖ చూసుకుంటుంది, అందులో బయటపడే మరమ్మతులు మాత్రం మావే. ప్రతి పెద్ద వాన తర్వాత స్తంభాల దగ్గర పేరుకునే చెట్ల కొమ్మలు తీయాలి, ఒడ్డు కోత చూడాలి. ఫోర్‌మన్, నేను కలిసి ఏటా 38 వేల డాలర్లని అంచనా వేశాం.

హ్యారిస్ కౌంటీకి ఇదే సంగతి చాలా పెద్ద అంకెల్లో ఎదురైంది. 2021లో ఆశించిన భాగస్వామ్య నిధుల్లో సుమారు 140 కోట్ల లోటు కనిపిస్తే, టోల్ రోడ్ల రాబడి నుంచి 83 కోట్ల చిల్లరతో ప్రత్యేక వరద ట్రస్టు పెట్టి కొంత పూడ్చుకున్నారు. కట్టడానికి అలా తిప్పలు పడ్డారు. కట్టినవాటిని కాపాడుకోవడానికి 2024 నవంబరులో మళ్ళీ ఓటర్ల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. వరద నియంత్రణ పన్నును 100 డాలర్ల విలువకు 3.1 సెంట్ల నుంచి 4.897 సెంట్లకు పెంచమని అడిగారు, ఏడాదికి పది కోట్ల డాలర్లకు పైగా నిర్వహణ కోసం. 2018లో బాండ్లకు 85 శాతం అవునన్న అదే కౌంటీలో ఇది స్వల్ప మెజారిటీతో గట్టెక్కింది. కొత్త కాలవ తవ్వుతామంటే వచ్చే ఓటు, ఉన్న కాలవలో పూడిక తీస్తామంటే రాదు.

మా 38 వేలకి కూడా అదే గతి పట్టబోయింది. వంతెన తెరిచాక వచ్చిన మొదటి బడ్జెట్‌లో ఆ పద్దుని 10 వేలకు తగ్గించమని ప్రతిపాదన వచ్చింది, కొత్త వంతెనకి మరమ్మతులేంటి అని. ఫోర్‌మన్ లేచి, కొత్త నోట్‌బుక్ తెరిచి చదివాడు: వసంతంలో మూడు వానల తర్వాత స్తంభాల దగ్గర నుంచి ఎన్ని ట్రక్కుల కొమ్మలు తీశారో, ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారో. పద్దు 38 వేలుగానే నిలిచింది.

సబ్‌డివిజన్ చెరువు పని ఇంకా కాలేదు. దాన్ని ఫీమా బ్రిక్ కార్యక్రమం (విపత్తు నివారణకే ఇచ్చే ఇంకో గ్రాంటు) కింద పెడదామని దరఖాస్తు సిద్ధం చేస్తుండగా 2025 ఏప్రిల్‌లో ఫీమా ఆ కార్యక్రమాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది, రాష్ట్రాలు కోర్టుకు వెళ్ళాయి. మేం డ్రైనేజీ జిల్లా దారిలో నడుస్తున్నాం. పోయిన నెల ఆ కాలనీ సంఘం నుంచి ఒక స్ప్రెడ్‌షీట్ వచ్చింది. ఇంటి నంబరు, తేదీ, నీళ్ళు గరాజు గుమ్మం దాటిన సమయం, ఎన్ని అంగుళాలు, పక్కన ఫొటో. పార్కింగ్ లాట్‌లో నన్ను నిలదీసిన తమ్ముడే పంపాడు. మొదటి వరుసలో ఇమెల్డా తేదీ ఉంది. చివరి వరుసలో అంతకు ముందు వారం పడ్డ వాన.